అగ్నిగుండం, నారసం: అమ్మ మొక్కు, తమ్ముడి మొక్కు ఒకటి కావు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకూ తెలుస్తుంది. మీది గుంతకల్లు, ఉద్యోగం బెంగళూరులో. పోయిన ఏడాది మీ తమ్ముడికి బైక్ యాక్సిడెంట్ అయింది. వాడు బతికి బయటపడితే గూగూడు కుళ్లాయస్వామి అగ్నిగుండం తొక్కుతానని ఆసుపత్రి వరండాలోనే మీ అమ్మగారు మొక్కుకున్నారు. ఆమెకు 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. తమ్ముడేమో వచ్చే ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్లి బుగ్గలో నారసం, అంటే ఇనుప శూలం, గుచ్చుకుంటానని పట్టుబట్టాడు. "ఇది భక్తా, పిచ్చా? మన రక్తం దేవుడికెందుకు? వీళ్లను ఎట్లా ఆపాలి?" అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: బండి నడిపింది తమ్ముడేనని, వెనక కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడని.

మీ ప్రశ్న మొత్తంలో నాకు ఎక్కువ భయం వేసింది ఆ చివరి మాట దగ్గరే. దానికి తర్వాత వస్తాను.

నేను ఆలూరు, ఆదోని వైపు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి రిటైర్ అయ్యాను. దేవరగట్టు బన్ని (దసరా కర్రల సమరం) రాత్రి మెడికల్ క్యాంపుల్లో, ఉగాదికి శ్రీశైలం నడిచే భక్తుల క్యాంపుల్లో ఎన్నో ఏళ్లు డ్యూటీ చేశాను. మా ఇంటి దేవుడు వీరభద్రుడు. మా తాతగారు ఖడ్గాలు (వీరభద్రుడి స్తుతులు) చదివేవారు, ఆయన పక్కనే నిలబడి నారసం గుచ్చుకున్న మనుషులను చిన్నప్పటి నుంచి చూశాను. అందుకని ఈ విషయాన్ని డాక్టరుగా మాత్రమే చూడటం నా వల్ల కాదు.

ముందు ‘పిచ్చి’ అన్న మాట సంగతి. ఆ మాట ఇంట్లో అనకండి. మన ప్రాంతంలో ఈ ఆచారం నిన్నా మొన్నా పుట్టింది కాదు. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి 1378 ప్రాంతంలో వీరశిరోమండపం కట్టించాడు. వీరులు శివుడి ఎదుట తమ నాలుకలు, తలలు కోసి సమర్పించుకునే చోటు అదని ఆ శాసనమే చెబుతోంది. కాకతీయుల కాలపు ఓరుగల్లును వర్ణించే పాత తెలుగు రచన క్రీడాభిరామంలో మైలారుదేవుడి భటులు నిప్పుల మీద నడవడం, ఒంటికి ఇనుము గుచ్చుకోవడం కనిపిస్తాయి. ఆ మైలారుదేవుడే మన హొళగుంద మండలం దేవరగట్టు మీద మాళమల్లేశ్వరుడు. మన పల్లెల్లో డమరుకం పట్టుకుని, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని ఆడే గొరవయ్యలు ఆ దేవుడి మనుషులే. గూగూడుకు వెళ్తే పీర్ల ముందు గుండంలో హిందువులు, ముస్లింలు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. ఉరుసుల్లో రఫాయి ఫకీర్లు ఒంటికి ఇనుప చువ్వలు గుచ్చుకుంటారు. ఒంటి నొప్పిని దేవుడికి ఇవ్వడమన్నది మన దగ్గర ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

అదే సమయంలో దాన్ని వద్దన్న గొంతులూ ఇంతే పాతవి. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని పీడించేవాళ్లు లోపలున్న దేవుణ్ణే పీడిస్తున్నారని భగవద్గీత 17వ అధ్యాయం చెబుతుంది. మన కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన, మనసు శుద్ధి కాకుండా ఒంటితో చేసే పూజలను ఎంత గట్టిగా కడిగేశాడో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇరాన్‌లో షియా మతపెద్ద ఖమేనీ మొహర్రంలో కత్తులతో తల గాయపరచుకోవడాన్ని 1994లో తప్పుపట్టారు. యూరప్‌లో కొరడాలతో తమను తాము కొట్టుకుంటూ ఊరూరా తిరిగిన క్రైస్తవులను 1349లో పోప్ ఆరవ క్లెమెంట్ ఖండించారు. భక్తిలో ఉన్నవాళ్లే ఒకవైపు, భక్తిలో ఉన్నవాళ్లే రెండోవైపు. కాబట్టి మీ అమ్మగారితో ఈ వాదన పెట్టుకుంటే గెలుపు ఎవరిదీ కాదు.

నాకు మాత్రం ఈ విషయంలో దారి చూపించేది కన్నప్ప కథ. రాజంపేట దగ్గరి ఊటుకూరే ఆయన ఊరని మన కడప వాళ్లు నమ్ముతారు. ఒక కన్ను ఇచ్చేశాడు. రెండో కన్ను తీయబోతే శివుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. సిరియాళుడి కథలో, శివుడు అడిగాడని తల్లిదండ్రులు కొడుకును కోసి వండిన తర్వాత కూడా కొడుకు తిరిగొచ్చాడు. మన పెద్దలు ఈ కథలను చెప్పిన తీరు చూడండి. భక్తుడు ఎంతవరకైనా పోతాడు, కానీ చివరి గడప దగ్గర ఒక చెయ్యి అడ్డం వస్తుంది. నిజ జీవితంలో ఆ చెయ్యి ఇంట్లోవాళ్లదే అయి ఉండాలి. అడ్డం వచ్చే చెయ్యి కన్నప్పను ఎగతాళి చేయలేదు, అతని భక్తిని తక్కువ చేయలేదు. మీరు ఇద్దరి దగ్గరా ఉండాల్సిన తీరు అది.

దేవరగట్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్నీ దీన్నీ కలిపేస్తారు. దసరా రాత్రి అక్కడ రెండు వేరు వేరు పనులు జరుగుతాయి. మణి, మల్లాసురులనే రాక్షసులకు స్వామి ఇచ్చిన మాట కోసం ఒక వంశం మనిషి తొడ దగ్గర గాటు పెట్టుకుని పిడికెడు రక్తం ఇస్తాడు. అది అతని ఇష్టం, అతని ఒళ్లు, ఎంత ఇవ్వాలో కొలత ఉంది, చుట్టూ పెద్దలుంటారు. రెండోది ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడటం. అందులో తల పగిలిన కుర్రాడు ఏమీ సమర్పించలేదు, చీకట్లో పక్కవాడి కర్ర తగిలింది, అంతే. పగిలిన తలలకు పసుపు బండారు అద్దుకుని, స్వామి గట్టు దిగేదాకా కుట్లు వేయించుకోబోమని మొండికేసినవాళ్లను బతిమాలి కూర్చోబెట్టి కుట్లు వేశాను. వాళ్లలో మందు వాసన వచ్చినవాళ్లూ ఉన్నారు. మొదటిదాన్ని నేను గౌరవిస్తాను. రెండోదాన్ని భక్తి అని ఎవరన్నా ఒప్పుకోను. తన ఒంటిమీద తాను, తెలిసి, మత్తు లేకుండా, కొలతతో చేసేది ఒకటి. గుంపు ఊపులో జరిగిపోయేది ఇంకొకటి. తమ్ముడి విషయంలోనూ ఈ తేడా మీకు పనికొస్తుంది.

నొప్పి వల్ల నిజంగా ఏమైనా మేలు జరుగుతుందా అని మీరు అడగలేదు గానీ, దాని గురించి మంచి పరిశోధనలున్నాయి. దిమిత్రిస్ జిగలాటస్ అనే మానవశాస్త్రవేత్త బృందం స్పెయిన్‌లో శాన్ పెద్రో మాన్రికే అనే ఊళ్లో నిప్పుల మీద నడిచేవాళ్ల గుండె చప్పుడు కొలిచింది. 2011లో అచ్చయిన ఆ పరిశోధనలో, నడిచేవాళ్ల గుండె లయ, ఒడ్డున నిలబడి చూస్తున్న వాళ్ల బంధువుల గుండె లయ ఒకే తీరుగా పైకీ కిందికీ పోయాయి. ఊరికే చూడటానికి వచ్చినవాళ్లలో అలా జరగలేదు. మారిషస్‌లో తమిళ కుటుంబాల తైపూసం కావడి ఉత్సవంలో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. ఒంటికి శూలాలు గుచ్చుకుని కావడి మోసినవాళ్లు, వాళ్ల వెంట నడిచినవాళ్లు, మామూలు భజన చేసినవాళ్లకంటే ఎక్కువ దానం చేశారు. తర్వాత అక్కడే చేసిన ఇంకో పరిశోధనలో, జబ్బులతో ఉన్నవాళ్లు ఎక్కువ శూలాలు గుచ్చుకున్నారని, ఉత్సవం తర్వాత తమ మనసు బాగుందని వాళ్లే ఎక్కువగా చెప్పారని తేలింది. కాబట్టి "నొప్పి పడ్డాక తేలికైంది" అని భక్తులు చెప్పేది అబద్ధం కాదు. అయితే ఆ తేలిక మనసుది. కాలిన పాదం కాలినట్టే ఉంటుంది.

ఇక అమ్మగారు.

నిప్పుల మీద నడిస్తే చాలామందికి ఎందుకు కాలదంటే, కట్టె బొగ్గు, బూడిద వేడిని నెమ్మదిగా వదులుతాయి, పాదం ఒక్కో అడుగుకు ఒక్క సెకను కూడా ఆనదు. ఆరోగ్యంగా ఉన్న పాదం చుర్రుమనగానే తనంతట తానే లేచిపోతుంది. షుగర్ మనిషిలో దెబ్బతినేది సరిగ్గా ఇదే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పాదాల నరాలు మొద్దుబారతాయి, కాలినా తెలియదు. నడిచి బయటికొచ్చి ‘స్వామి దయ, ఏమీ కాలేదు’ అంటారు. రెండో రోజు బొబ్బ చూస్తారు, వారం తర్వాత చీము, ఆ తర్వాత కాలి వేలు తీసేయాల్సిన పరిస్థితి. నేను చూసినవాళ్లలో ఎవరికీ గుండం దగ్గర నొప్పి లేదు, అందరూ ఆలస్యంగానే వచ్చారు. దగ్గరి ఆసుపత్రిలో మోనోఫిలమెంట్ టెస్ట్ చేయించండి. సన్నటి నైలాన్ దారంతో పాదంలో కొన్ని చోట్ల తాకి, తెలుస్తోందా అని అడుగుతారు, అయిదు నిమిషాల పని. ఏ ఒక్క చోట తెలియకపోయినా ఆమె గుండంలో అడుగు పెట్టకూడదు. దీనిలో నేను సర్దుకోను.

స్పర్శ బాగానే ఉందని తేలినా ఇంకో ప్రమాదం ఉంది, గుండం దగ్గర తోపులాట. కాలిన కేసుల్లో నాకు ఘోరంగా కనిపించినవి నడుస్తూ కాలినవి కావు, వెనక నుంచి తోస్తే నిప్పుల్లో చేతుల మీద పడినవి. 58 ఏళ్ల మనిషికి అది చిన్న విషయం కాదు. అంతేకాదు, ఆ రోజు ఉపవాసం ఉండి, పొద్దున షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటే షుగర్ పడిపోయి అక్కడే తూలిపడొచ్చు. మాత్ర మార్చాలా మానాలా అనేది డాక్టర్‌ను ముందే అడగండి.

మొక్కు మాత్రం తీరాలి, లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. పిల్లాడికి రేపు చిన్న జ్వరం వచ్చినా "నా మొక్కు తీరలేదు, అందుకే" అనుకుంటుంది. అందుకని మీరు బెంగళూరు నుంచి ఫోన్‌లో "వద్దు" అనడం ఆపేసి, ఆమెను వెంటబెట్టుకుని నార్పల మీదుగా గూగూడు వెళ్లండి, ఉత్సవం జనం లేని రోజుల్లోనే. అక్కడి అర్చకులకు ఆమె చేతే ఉన్న మాట చెప్పించండి. షుగర్ ఉంది, గుండం తొక్కితే కాళ్లకు ప్రమాదం, మొక్కు ఎట్లా తీర్చుకోవాలి అని అడగమనండి. గుండానికి కట్టెలు సమర్పించడం, చక్కెర చదివింపులు, గుండం చల్లారాక బూడిద నుదుట పెట్టుకోవడం, అన్నదానం, ఇవన్నీ మన దగ్గర ఉన్న పద్ధతులే. మొక్కు రూపం మార్చుకోవడం మోసం కాదు, పూర్వం నుంచీ ఉన్నదే. సిడిమాను మీద మనిషిని కొక్కేలకు వేలాడదీసే ఆచారం ఉన్న చాలా చోట్ల మనిషికి బదులు మేకనో బొమ్మనో కట్టడం మొదలైంది, అయినా జాతర ఆగలేదు. మీ నోటి నుంచి వచ్చిన ‘వద్దు’ ఆమెకు అపచారంగా వినిపిస్తుంది. అదే మాట స్వామి దగ్గరి మనిషి నుంచి వస్తే అనుమతి అవుతుంది. మీ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లి, కట్టెల మోపు వాడి చేతే మోయించండి. బిడ్డ బతికాడన్న సంతోషంతో మొక్కిన మొక్కు అది, ఆ బిడ్డ తీర్చడం ఆమెకు నచ్చుతుంది.

ఆమె ఏదో ఒకరకంగా నడిచేసిందే అనుకోండి, అప్పుడు తిట్టొద్దు. కాళ్లను పారే మామూలు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా ఏవీ పెట్టొద్దు. నొప్పి లేదన్నా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

తమ్ముడి మొక్కు అమ్మ మొక్కులాంటిది కాదు. ఆమెది కృతజ్ఞత. వాడిది, మీరు రాసినదాన్ని బట్టి, శిక్ష. స్నేహితుడు పోయాడు, బండి తన చేతిలో ఉంది, తాను బతికాడు. అలాంటి కుర్రవాడు బుగ్గలో ఇనుము దింపుకుంటానంటే నేను ముందు ఇనుము గురించి మాట్లాడను. వాడు రాత్రిళ్లు నిద్రపోతున్నాడా, మళ్లీ బండి ఎక్కాడా, ఆ స్నేహితుడి వీధిలోకి వెళ్లగలుగుతున్నాడా, "వాడి బదులు నేను పోయుంటే బాగుండేది" అని ఎప్పుడైనా అన్నాడా అని చూస్తాను. నారసంతో వచ్చే తేలిక కొన్నాళ్లే ఉంటుంది. తప్పు చేశానన్న బరువు మళ్లీ తిరిగొస్తుంది, అప్పుడు ఒక నారసం చాలదు. వచ్చే ఏడాది రెండంటాడు. భక్తితో గుచ్చుకునేవాళ్లలో ఈ పెరుగుదల సాధారణంగా నాకు కనిపించలేదు. ఏటా అదే నారసం, అదే మొక్కు, అదే కొలత. తనను తాను శిక్షించుకునేవాళ్లలో మాత్రం అది పెరుగుతూ పోయింది.

వాడితో మీరే మాట్లాడాలి. ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని. "నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడొద్దు, అలా పుట్టదు. అడిగినవాళ్లకు చాలామంది ఉన్నది చెప్పేస్తారు. అవునంటే ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ లేవు. మీరే ముందు చేసి సలహా అడిగినా మంచిదే.

రెండోది, నా ఉద్దేశంలో అసలుది: ఆ స్నేహితుడి అమ్మానాన్నలు. మీ వాడు ఇంతవరకూ ఆ ఇంటి గడప తొక్కలేదేమో కనుక్కోండి. తొక్కలేదంటే వాడు మొక్కుకున్న నొప్పికంటే పెద్ద నొప్పి అక్కడ ఉంది, దాన్ని తప్పించుకోవడానికే శ్రీశైలం అంటున్నాడని నా అనుమానం. నల్లమల అడవి దాటడం ఆ గడప దాటడం కంటే సులువు. ఊళ్లో రెండు ఇళ్లకూ కావాల్సిన పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. యాక్సిడెంట్ కేసు, ఇన్సూరెన్స్ ఇంకా నడుస్తుంటే ముందు మీ లాయర్‌తో ఒక మాట చెప్పండి, అక్కడ డబ్బు ప్రస్తావన తేవొద్దు. వాళ్లు తిట్టొచ్చు, తలుపు వేయొచ్చు. ఆ తిట్లు వాడు నిలబడి వినాలి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ పిల్లవాడి సంవత్సరీకానికి ఏం చేయాలో వాళ్లనే అడిగి, ఆ పని వాడి భుజాన వేసుకోమనండి. ప్రాయశ్చిత్తం అనేది ఏదైనా ఉంటే, అది నష్టపోయినవాళ్లకు అందాలి కదా.

ఇదంతా అయ్యాక కూడా "నేను మల్లన్న దగ్గరికి వెళ్తాను, నారసం వేసుకుంటాను" అని ప్రశాంతంగా అంటే, వాడు మేజర్, మీరు అడ్డుపడొద్దు. అప్పుడు నా షరతులు చెబుతాను, వాడికి చదివి వినిపించండి.

యాక్సిడెంట్‌లో ముఖం ఎముకలు విరిగి ప్లేట్లు వేశారా? వేసి ఉంటే నారసం వద్దే వద్దు. ప్లేటు దగ్గరికి క్రిములు చేరితే మళ్లీ ఆపరేషన్. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా వద్దు. తలకు దెబ్బ తగిలి ఫిట్స్ మాత్రలు ఇచ్చి ఉంటే, నిద్ర లేకుండా, మాత్ర మరిచిపోయి అడవిలో నడవడమే ప్రమాదం, నారసం సంగతి తర్వాత. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి, అందులో అన్నీ ఉంటాయి.

నారసం ఎవరు వేస్తారన్నది ఇంకో ముఖ్యమైన విషయం. శ్రీశైలంలో ఉగాదికి ముందు వీరాచార విన్యాసాలు చేసే వీరశైవుల్లో చాలామందికి అది తరాల నుంచి వచ్చిన విద్య. బుగ్గలో ఎక్కడ గుచ్చితే నరం, పెద్ద రక్తనాళం, లాలాజల నాళం తప్పుతాయో వాళ్ల చేతికి తెలుసు. చూసి నేర్చుకున్న స్నేహితుడి చేతికి తెలియదు. ముఖ నరం తెగితే మూతి ఒక పక్కకు పోతుంది. సెల్‌ఫోన్ వీడియో కోసం వేసేవాళ్ల దగ్గరికి పోనివ్వద్దు.

ఒకే నారసం ఒకరి తర్వాత ఒకరికి వేయడం నాకు అన్నిటికంటే భయం. విభూతి పూసినా, నిమ్మకాయతో తుడిచినా అది శుభ్రమైనట్టు కాదు. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఆ దారిలోనే వస్తాయి. వాడి నారసం వాడిదే అయి ఉండాలి, కొత్తది, తుప్పు లేనిది. ఎవరైనా డాక్టర్ దగ్గర ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే పెట్టె) లో పెట్టించి మూసిన ప్యాకెట్‌లో తీసుకెళ్తే మంచిది. అది కుదరకపోతే కనీసం 20 నిమిషాలు నీళ్లలో మరిగించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ముందే వేయించండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. కాబట్టి ఉగాది దగ్గర పడ్డాక గుర్తొస్తే లాభం లేదు. తీశాక మూడు వారాల్లోపు దవడ బిగిసినా, నోరు తెరవడం కష్టమైనా, జ్వరం, వాపు వచ్చినా ఆలస్యం చేయొద్దు.

నడక విషయం త్వరగా చెప్పేస్తాను. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం దాకా అడవి దారి. ఎండ అప్పటికే ముదిరి ఉంటుంది. భీముని కొలను తర్వాత మెట్లే ఎక్కువమందిని పడగొడతాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కాళ్లకు సరిపోయిన పాత చెప్పులు, పొద్దున సాయంత్రం నడక, మధ్యాహ్నం నీడ. ఒంటరిగా వద్దు, గుంపు దాటి అడవిలోకి వద్దు. వీలైతే మీరు కూడా వాడితో నడవండి. స్పెయిన్‌లో కొలిచిన ఆ గుండె లయలు గుర్తున్నాయి కదా, పక్కన మనిషి ఉండటం చిన్న సాయం కాదు.

అమ్మగారి మూడు నెలల షుగర్ సగటు రిపోర్టు, మోనోఫిలమెంట్ టెస్ట్ ఫలితం, తమ్ముడి డిశ్చార్జ్ సమ్మరీలో రాసిన మందుల పేర్లు, ప్లేట్లు వేశారా లేదా అన్నది, ఈ నాలుగూ రాయండి, చూసి చెబుతాను. తమ్ముడితో మాట్లాడే పని మాత్రం వాటి కోసం ఆపొద్దు, ఈ శనివారమే ఊరికి వెళ్లండి.